పాత మీటరుతో మాట కలపడం

చిరంజీవికి ఆశీస్సులు.

హెచ్‌పీ 3478ఏ మల్టీమీటరు కొన్నావని, దాని వెనక సాకెట్ ఫొటో పంపి “ఇది ప్రింటరుదా పెదనాన్నా?” అని అడిగావు. చూడ్డానికి అలాగే ఉంటుంది. కానీ పాత ప్రింటరు సాకెట్‌కి 36 పిన్నులు, దీనికి 24. కొలత పరికరాలని కంప్యూటరుతో కలిపే ఈ సాకెట్‌ని జీపీఐబీ అంటారు. 1960ల చివర్లో హెచ్‌పీ వాళ్లు తమ పరికరాల కోసం తయారుచేసుకున్నారు. 1975లో అదే ఐట్రిపుల్‌ఈ అనే ఇంజినీర్ల సంస్థ 488 ప్రమాణం అయింది. అందుకే వేరే కంపెనీల పాత పరికరాల వెనక కూడా ఇదే కనిపిస్తుంది.

కంప్యూటరుకి కలపాలంటే ఒక యూఎస్‌బీ అడాప్టరు కావాలి. ఆర్డునో అనే చిన్న ప్రోగ్రామ్ చేసుకునే బోర్డుతో సొంతంగా చేసుకునేవీ ఉన్నాయి. వాటిలో సిగ్నల్‌కి బలమిచ్చే బఫర్ చిప్‌లు లేనివి ఒకటి రెండు పరికరాలతో బాగానే నడుస్తాయి, గొలుసు పెరిగితే మొరాయిస్తాయి. నీకున్నది ఒక్క మీటరే కాబట్టి ఇబ్బంది లేదు. ఒక బస్ మీద, అంటే ఒకే కేబుల్ గొలుసు మీద, కంప్యూటరుతో కలిపి 15 పరికరాలు పెట్టుకోవచ్చు, కేబుల్ మొత్తం 20 మీటర్లు దాటకూడదు. నువ్వు ఆ హద్దుదాకా వెళ్లేలోపు మీ అమ్మే ఆపుతుందిలే.

మీటరు వెనక చిన్న స్విచ్‌ల వరస ఉంటుంది, అందులో ఐదు అడ్రసుకి, అంటే కంప్యూటరు మీటరుని పిలిచే నంబరుకి. 23 కావాలంటే 16, 4, 2, 1 స్విచ్‌లు వేసి 8ది దించాలి. చాలా పాత పరికరాలు పవర్ ఆన్ చేసినప్పుడే అడ్రసు చదువుకుంటాయి. స్విచ్ మార్చాక ఒకసారి ఆపి వెయ్యి.

ప్రోగ్రామ్ రాయడానికి తొందరపడకు. ముందు ఏదైనా టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసి పంపే కిటికీ) తెరిచి చేత్తో ఒక్క రీడింగ్ రాబట్టు. పరికరం పేరు అడగడానికి అందరూ చెప్పే “*ఐడీఎన్?” నీ మీటరుకి తెలియదు. ఆ ఆదేశం 1987లో వచ్చిన 488.2 ప్రమాణంలోది, నీది అంతకంటే ముందుతరం. పేరు అడిగితే పలకలేదని మీటరు చచ్చిపోయిందనుకుంటారు చాలామంది. దీనికి “ఎఫ్1టీ3” అని ఇంగ్లిష్ అక్షరాల్లో పంపు. ఎఫ్1 అంటే డీసీ వోల్టులు, టీ3 అంటే ఒక్క కొలత తీసుకో అని. తర్వాత మీటరు జవాబు చదువు. ఒక పెన్సిల్ సెల్ తగిలించి, ఆ అంకె డిస్‌ప్లేతో సరిపోతే సగం పని అయినట్టే. అడాప్టరులో ఆటో రీడ్ (ఏది పంపినా వెంటనే తనే జవాబు చదవడం) ఉంటే మాత్రం ఆపెయ్యి. ప్రశ్న కానిదానికి కూడా అది జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

నేను ఓసారి రెండు సాయంత్రాలు కేబుళ్లు మార్చి మార్చి చూశాను. నా 34401ఏ మీటరు ఒక్కోసారి జవాబిచ్చేది, ఒక్కోసారి టైమవుట్, అంటే గడువులోగా జవాబు రాకపోవడం. తప్పు నాదే. కచ్చితత్వం కోసం ఒక్కో కొలతకి 100 పవర్ సైకిళ్లు (ఇంటి కరెంటు 100 ఆవృత్తుల సమయం) పెట్టాను. 50 హెర్ట్జ్ దగ్గర అది 2 సెకన్లు. ఆటోజీరో (ప్రతి కొలతకీ సున్నాని కూడా కొలిచి సరిచూసుకోవడం) ఉంటే రెట్టింపు, అంటే 4 సెకన్లు. పైథాన్‌లో పరికరాలతో మాట్లాడడానికి నేను వాడిన పైవీసా లైబ్రరీ జవాబు కోసం మామూలుగా ఆగేది 2 సెకన్లే. మీటరు లెక్క పూర్తయ్యేలోపే నా ప్రోగ్రామ్ విసుగొచ్చి వెళ్లిపోయేది. వేగంగా కొలిచినప్పుడు మాత్రం జవాబు అందేది. టైమవుట్ 10 సెకన్లు చేశాక మళ్లీ ఆ గొడవ రాలేదు. కాబట్టి టైమవుట్ కనిపిస్తే ముందు కొలతకి ఎంతసేపు పడుతుందో లెక్కవెయ్యి, ఆ తర్వాత ఆదేశం ముగిసిందని చెప్పే లైను చివరి గుర్తులు చూడు. స్క్రూడ్రైవర్ జోలికి అన్నిటికంటే చివర్లో.

రేపు పవర్ సప్లై కొని దాన్నీ కలుపుతావని తెలుసు. కరెంట్ లిమిట్ మాత్రం చేత్తో ముందే పెట్టుకో. ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోతే సప్లై ఆగదు, చివరిసారి చెప్పిన వోల్టేజీ ఇస్తూనే ఉంటుంది.

చివర్లో రాస్తున్నాను గానీ, మొదటి రీడింగ్ రాగానే చెయ్యాల్సిన పని ఇంకొకటుంది. నీ మీటరు కొలతలని సరిగ్గా ఉంచే క్యాలిబ్రేషన్ అంకెలు బ్యాటరీ మీద బతికే ర్యామ్ మెమరీలో ఉంటాయి. ఆ 3 వోల్టుల లిథియం బ్యాటరీ అయిపోతే అవీ పోతాయి. “డబ్ల్యూ” అక్షరం, దాని వెంట 0 నుంచి 255 వరకు ఒక్కో బైటు పంపితే మీటరు ఒక్కో అక్షరం ఇస్తుంది. అలా 256 అక్షరాలు ఫైల్లో దాచు. చాలా అడాప్టర్లు 10, 13, 27, 43 బైట్లను తమకోసం వచ్చిన గుర్తులనుకుని మింగేస్తాయి. వాటి ముందు ఒక 27 చేర్చి పంపాలి. జవాబుల్లో @ గుర్తు, ఇంగ్లిష్ ఏ నుంచి ఓ దాకా పెద్ద అక్షరాలు, అంతే రావాలి. ఇంకేం కనిపించినా చదవడంలో తప్పు జరిగినట్టు. చదవడానికి ముందువైపున్న క్యాల్ స్విచ్‌తో పనిలేదు, దాన్ని తిప్పకు.

రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ ఒకేలా ఉన్నాయో లేదో పోల్చి నాకు పంపు. బ్యాటరీ సంగతి అప్పుడు మాట్లాడదాం.

మీ పెదనాన్న