ఆ సామెత తీసెయ్యి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికన్ ఫొటోగ్రాఫర్ జోయెల్ స్టెర్న్‌ఫెల్డ్ తీసిన గుమ్మడికాయల ఫొటో మీద రాయాలనుకోవడం నచ్చింది. కానీ ‘ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు’ అని మొదలుపెట్టావే, అక్కడే ఆగిపోయాను. ఎందుకంటే ఇరవై ఏళ్ల కిందట నేనూ సరిగ్గా ఆ సామెతతోనే మొదలుపెట్టాను. అచ్చయ్యాక ఒక పాఠకుడు ఫోన్ చేసి, “అది ఫైర్‌మన్ల ట్రైనింగ్ కోసం పెట్టిన మంటండీ” అన్నాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

1978 డిసెంబరు, వర్జీనియాలోని మెక్లీన్. వెనక ఇల్లు మండుతోంది. ముందు రోడ్డు పక్క కొట్టులో ఫైర్‌మన్ ఒకడు తీరిగ్గా గుమ్మడికాయ ఎంచుకుంటున్నాడు. ఫొటో కింద ఊరి పేరు, నెల, సంవత్సరం, అంతే. స్టెర్న్‌ఫెల్డ్ అబద్ధమాడలేదు, అలాగని గుట్టూ విప్పలేదు. సామెత తెచ్చి అతికించింది మనమే. ఇంత సులువుగా ఎలా పడిపోయామన్నదే అసలు వ్యాసం. అది రాయి.

ఇంకోటి. రెండు పేజీల్లో రంగు ఊసే లేదు! మంటదీ నారింజ రంగే, గుమ్మడికాయదీ నారింజ రంగే. ఇల్లూ కొట్టూ చుట్టాలైంది ఆ రంగు వల్లే. బ్లాక్ అండ్ వైట్‌లో ఊహించుకో, ఆ చుట్టరికం బూడిదలో కలిసిపోతుంది. రంగంటే ప్రకటనలకే అనుకునే రోజులవి. 1976లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో విలియం ఎగల్‌స్టన్ కలర్ ఫొటోలు పెడితే విమర్శకులు విరుచుకుపడ్డారు. ఈ సంగతి రెండు వాక్యాల్లో తేల్చెయ్, చరిత్ర పాఠం వద్దు.

‘దారిలో చటుక్కున క్లిక్‌మనిపించాడు’ అన్నావు. స్టెర్న్‌ఫెల్డ్ వ్యాన్‌లో దేశమంతా మోసుకు తిరిగింది 8x10 అంగుళాల ఫిల్మ్ కెమెరా. ట్రైపాడ్ నిలబెట్టి, నల్లగుడ్డ కింద తల దూర్చి, అద్దం మీద తలకిందులుగా కనిపించే బొమ్మను మూలమూలా సరిచూసుకోవాలి. అంత ఓపికతో తీసినదాన్ని నువ్వు ఫోన్‌లో చూసి రాసినట్టున్నావు. పెద్ద ప్రింటు ఎక్కడైనా దొరికితే దాని ముందు ఓ అరగంట కూర్చో.

‘వింత అమెరికా’ అన్న ఉపశీర్షిక కూడా కొట్టెయ్యి. 1979లో వాషింగ్టన్ రాష్ట్రం వుడ్‌లాండ్‌లో, తప్పించుకుని పరిగెత్తి అలసిపోయిన ఏనుగు రోడ్డు మీద కూలబడిపోయిన ఫొటో ఉంది చూడు. మనలాంటి వాళ్లమైతే ఏనుగు మొహం దాకా వెళ్లి తీసేవాళ్లం. అతను దూరంగా నిలబడ్డాడు. ఏనుగు, పోలీసు కారు, మనుషులు, అందరూ చిన్నగానే కనిపిస్తారు. నవ్వొస్తుంది, కాసేపటికి ఆ నవ్వు గొంతులో అడ్డం పడుతుంది.

నువ్వుండే ఆష్‌బర్న్ నుంచి మెక్లీన్ దగ్గరే కదా. ఓ శనివారం వెళ్లు. ఆ కొట్టు కోసం వెతక్కు. ఇప్పుడక్కడ రోడ్డు పక్కన ఏముందో, ఏ రంగులో ఉందో ఒక పేజీ రాసి పంపు. సామెతలు లేకుండా.

మీ అన్నయ్య