గండి కొట్టేముందు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలో మిసిసిపీ నది మళ్లింపు పథకాన్ని లూసియానా రాష్ట్ర మత్స్యకారులు ఎదిరించిన తీరుపై నువ్వు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి నచ్చింది. రెండోసారి మాత్రం, నదికీ శాస్త్రజ్ఞులకూ దక్కిన గొంతు పడవల మీది మనుషులకు దక్కలేదనీ, వాళ్లు అడ్డుపడటానికే పుట్టినట్టు కనిపిస్తున్నారనీ అనిపించింది.

శాస్త్రం సరిగ్గానే చెప్పావు. 1927 వరద తరువాత కరకట్టలను మరింత బిగించడంతో ఒండ్రు డెల్టా మీద మేట వేయకుండా సముద్రం పాలవుతోంది. చమురు కోసం తవ్విన కాలువల వెంట ఉప్పునీరు లోపలికి వచ్చింది. 1930ల నుంచి ఆ రాష్ట్రం దాదాపు 5,000 చదరపు కిలోమీటర్ల నేలను పోగొట్టుకుంది. కరకట్టను తెగ్గొట్టి, గేట్లు అమర్చి, గరిష్ఠంగా 75,000 క్యూసెక్కుల బురదనీటిని బారటారియా అనే తీరప్రాంతపు చిత్తడి వైపు వదిలితే యాభై ఏళ్లలో 50 చదరపు కిలోమీటర్లకు పైగా చిత్తడి నేల నిలుస్తుందని అంచనా వేశారు. (క్యూసెక్కు అంటే ఏమిటో తెలుగు పాఠకుడికి చెప్పనక్కరలేదు. ఆ పేరా తీసెయ్యి.)

ఇక 'పునరుద్ధరణ' అన్న మాట దగ్గర ఆగు. ఏ నాటి స్థితికి? అక్కడి నీటిలో ఉప్పదనం పెరగడంలో కరకట్టల పాత్ర ఉందన్నది నిజమే, కానీ ఆ నీటిని నమ్ముకొని ఆల్చిప్పలూ రొయ్యలూ పట్టి తరాలుగా బతికిన కుటుంబాలు ఉన్నాయన్నదీ అంతే నిజం. మంచినీరు ముంచెత్తితే ఆల్చిప్పలు చస్తాయి. ఈ జీవులకూ డాల్ఫిన్లకూ తీవ్ర నష్టం తప్పదని పథకం ప్రభావాన్ని అంచనా వేసిన ప్రభుత్వ నివేదికే 2022లో ఒప్పుకుంది. ఆల్చిప్ప అమ్మకానికి ఎదగడానికి దాదాపు రెండేళ్లు చాలు, నేల ఎదగడానికి యాభై ఏళ్లు కావాలి. నా దృష్టిలో తగాదా అంతా ఈ రెండు కాలాల మధ్యనే ఉంది. ఆ మధ్యకాలాన్ని ఎవరు ఎలా గడపాలి అన్న ప్రశ్న నీ వ్యాసంలో ఒక్కచోట కూడా లేదు.

వాళ్ల అనుమానానికి చరిత్ర ఉంది. 1927లో న్యూ ఆర్లియన్స్ నగరాన్ని కాపాడటానికని దిగువన కెర్నార్వన్ వద్ద కరకట్టను డైనమైట్‌తో పేల్చి సెయింట్ బెర్నార్డ్, ప్లాక్మిన్స్ ప్రాంతాలను ముంచారు. ఇస్తామన్న పరిహారంలో చాలా భాగం అందనేలేదు. అదే కెర్నార్వన్ వద్ద 1991లో చిన్నపాటి మళ్లింపు మొదలైనప్పుడు ఆల్చిప్పల సాగుదారులు కోర్టుకెక్కి వంద కోట్ల డాలర్లకు పైగా తీర్పు గెలిచినా, 2004లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2019లో బానే కారే వరద గేట్లను రెండు విడతల్లో 123 రోజులు తెరిచినప్పుడు పొరుగున ఉన్న మిసిసిపీ రాష్ట్ర సముద్ర తీరంలో ఆల్చిప్పలు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి. ఇన్ని చూసినవాళ్లు ఇంజినీరు గీసిన పటాన్ని చూసి వెంటనే తల ఊపుతారని ఎలా ఆశించావు?

పథకానికి డబ్బు ఎక్కడిదో చివర్లో ఒక వాక్యంలో తేల్చేశావు. దాన్ని పైకి తీసుకురా. 2010 నాటి డీప్‌వాటర్ హొరైజన్ చమురు ప్రమాదానికి కట్టిన పరిహారమే దాదాపు 300 కోట్ల డాలర్ల ఈ పనికి ప్రధాన ఆధారం. చమురు దెబ్బ తిన్న వలలకే ఆ పరిహారపు సొమ్ముతో రెండో దెబ్బ తగలబోయింది. 2018లో డాల్ఫిన్ల వంటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం నుంచి ఈ పథకాన్ని తప్పించారన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి.

అలాగని మత్స్యకారులను పుణ్యపురుషులుగా దిద్దవద్దు. నేనూ ఒకప్పుడు ఆ పొరపాటు చేశాను: ఉద్యమకారులను ఎంత మంచివాళ్లుగా రాశానంటే, వాళ్లలో ఒక్కరి ముఖమూ ఇప్పుడు నాకు గుర్తు రాదు. చేపల వేటకు ఆధారమైన చిత్తడి నేలలు ఏ పనీ చేయకపోతే మునిగిపోతూనే ఉంటాయి. 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగి, ప్లాక్మిన్స్ స్థానిక పాలకవర్గం కోర్టుకు వెళ్లి, 2025 జూలైలో పథకం రద్దయ్యేసరికి వందల మిలియన్ల డాలర్లు ఖర్చయిపోయాయి. నువ్వు ఆ రద్దును విజయోత్సవంగా ముగించావు. ఆ పేరాను అక్కడినుంచి తీసి మధ్యలో పెట్టు. ఆఖరున ఉప్పునీటి అంచున నిలిచిన ఇప్పటి ఊళ్ల గురించి రాయి. మార్చిన ప్రతిని వచ్చే నెలలోగా పంపితే తీరిగ్గా చదువుతాను.