ఇంప్రావిడెంట్ అంటే దుబారా మనిషి ఒక్కడే కాదు

"ఇంగ్లిష్‌లో ఇంప్రావిడెంట్ అంటే దుబారా మనిషేనా? ఆ మాట ఎక్కణ్ణించి వచ్చింది?" అని ఒకరు అడిగారు. దుబారా అనడం సగమే నిజం. నేను ఆచితూచి ఖర్చుపెట్టే మనిషిని. అయినా ఆ మాట నాకు సరిగ్గా సరిపోయిన రోజు ఒకటుంది.

మా అమ్మాయికి ఏడాది నిండేదాకా తీసిన ఫొటోలన్నీ ఒక్క ఫోన్లోనే ఉండేవి. 'స్టోరేజ్ నిండిపోయింది, బ్యాకప్ ఆగింది' అని నెలల తరబడి తెరమీద కనబడుతూనే ఉంది. కనబడినప్పుడల్లా బొటనవేలితో పక్కకి తోసేసి, ఆదివారం చూద్దాంలే అనుకునేవాణ్ణి. ఒకరోజు పాపకి స్నానం చేయిస్తుంటే చొక్కా జేబులోంచి ఫోన్ జారి బకెట్లో పడింది. గబగబా తీసి తుడిచాను. తెర రెండుసార్లు వెలిగింది, మధ్యలో ఒక ఆకుపచ్చ గీత మిగిలింది, కాసేపటికి అదీ ఆరిపోయింది. బోర్డు పోయిందండీ, డేటా రాదు అన్నాడు రిపేరు చేసే అబ్బాయి. మా అక్క ఊరుకోలేదు. "తెలీక పోగొట్టుకున్నావా? తెలిసే పోగొట్టుకున్నావు కదరా" అంది.

నా దృష్టిలో ఈ పదానికి అసలు అర్థం అదే. లాటిన్లో 'ప్రో' అంటే ముందుకి, 'విదేరే' అంటే చూడడం. మొదట్లో ఉన్న 'ఇమ్' లేదని చెబుతుంది. అచ్చం మన 'ముందుచూపు లేని'. కానీ 'ప్రోవిదేరే' అంటే ముందే చూడడంతో పాటు, చూసి ఏర్పాటు చేసుకోవడం కూడా. 'ప్రొవైడ్' అక్కణ్ణించి వచ్చిందే, ప్రావిడెంట్ ఫండ్‌లో ఉన్నదీ అదే. ఆచితూచి నడుచుకునే మనిషిని అనే 'ప్రూడెంట్' కూడా ఆ కుటుంబమే, పలికి పలికి కుదించుకుపోయింది. అందుకే తెలుగులో ముందుచూపుకి ముందుజాగ్రత్త కూడా కలిపితేగానీ అర్థం నిండదు. మయోపిక్ మనిషికి దూరంగా ఉన్నది కనబడదు. ఇంప్రావిడెంట్ మనిషి కనబడినా కదలడు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడానికి బయల్దేరతాడు.

పోటీ పరీక్షల పుస్తకాల మీద నాకు కోపం ఇక్కడే. ఈ మాట పక్కన 'దూరదృష్టిహీనుడు' అని అచ్చేసి వదిలేస్తారు. పిల్లలు ఒక కొరుకుడుపడని మాటకి బదులు ఇంకోటి బట్టీపడతారు. విడదీసి చూపించడం రెండు నిమిషాల పని.

అమ్మకి అప్పుడప్పుడు పంపిన ఫొటోలు 11 ఆవిడ ఫోన్లో దొరికాయి. పాప మొదటి అడుగులు వేసిన వీడియో మాత్రం దొరకలేదు. ఆ 'వీడియో' అన్న మాట పుట్టిందీ 'విదేరే' నుంచే.