మీరడిగారు: గానుగ నూనె అమ్మడానికి సర్కారు అనుమతి ఎందుకు?

ప్రశ్న: మేడమ్, మాది తిరుపతి. సెలవు రోజుల్లో చంద్రగిరి వైపు పల్లెల నుంచి గానుగ చెనక్కాయ నూనె, బెల్లం, నాటుకోడి గుడ్లు తెచ్చి మా కాలనీలో ముప్పై నలభై ఇళ్లకు ఇస్తాను. బిల్లు లేదు, లైసెన్సు లేదు. టైలరక్క డబ్బులకు బదులు మా పిల్లలకు బట్టలు కుట్టి ఇస్తుంది. ఈమధ్య అగోరిజం గురించి చదివాక నేను చేస్తున్నది అదే కదా అనిపించింది, ఇక ఏ రిజిస్ట్రేషనూ వద్దనుకున్నాను. మా నాన్న దీన్ని దొంగ వ్యాపారం అంటున్నారు. ఒక స్నేహితుడైతే అలాగైతే ఎర్రచందనం కొట్టేవాళ్లూ అగోరిస్టులే అంటున్నాడు. ఎవరి మాట రైటు?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తమ్ముడూ, ఇద్దరి మాటా రైటు కాదు, నీ నిర్ణయం కూడా పూర్తిగా రైటు కాదు.

చదివేవాళ్లకు అఘోరాలు గుర్తొస్తారేమో, వాళ్లతో దీనికి సంబంధం లేదు. అగోరా అంటే గ్రీకులో సంత జరిగే చోటు. 1947లో కెనడాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన శామ్యూల్ ఎడ్వర్డ్ కాంకిన్ తన సిద్ధాంతానికి దాన్నుంచే అగోరిజం అని పేరు పెట్టాడు. పార్టీలతో, ఓట్లతో ప్రభుత్వాన్ని తగ్గించలేం, జనం పన్నులకూ లైసెన్సులకూ బయట తమలో తాము ఇష్టపూర్వకంగా అమ్ముకుంటూ కొనుక్కుంటూ పోతే దాని అవసరమే తగ్గిపోతుంది అన్నది ఆయన వాదన. దొంగతనాన్నీ హింసనూ ఒప్పుకోలేదు. రిస్కు నువ్వు మొయ్యి, లాభం నువ్వు తీసుకో, అంతే.

నీకూ టైలరక్కకూ మధ్య జరిగేది నాకు చాలా నచ్చింది. ఆమె కావాలంటే వద్దనగలదు, నువ్వూ అనగలవు. వెనకటికి పల్లెల్లో పని చేసేవాళ్లకు డబ్బుకు బదులు ధాన్యం, అంటే మేర, కొలిచేవాళ్లం, అదీ ఇలాంటిదే అని కొందరు మురిసిపోతారు, దయచేసి దానితో కలపొద్దు, అక్కడ పని చేసేవాడికి వద్దనే హక్కే లేదు.

నువ్వు చేసేదాంట్లో చాలావాటికి చట్టం అడ్డు రాదు కూడా. రైతు తను పండించింది అమ్ముకోవడానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, వ్యవసాయ ఆదాయం మీద ఆదాయపు పన్ను లేదు. నీలాగా కొని అమ్మేవాళ్లకు కూడా, రాష్ట్రం లోపలే సరుకు అమ్మితే, ఏడాదికి 40 లక్షలు దాటేవరకు జీఎస్టీ టెన్షన్ లేదు. దొంగ వ్యాపారం కాదని నాన్నగారికి ఇది చెప్పు.

చిక్కంతా నూనె దగ్గరే. తినే సరుకు అమ్మేవాళ్లు, ఎంత చిన్నవాళ్లయినా, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. పైగా వంటనూనె విడిగా అమ్మడం మీద ఆంక్ష ఉంది. అది ఊరికే పెట్టింది కాదు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి, అది తిన్నవాళ్లకు ఒళ్లు వాచి, 60 మందికి పైగా చనిపోయారు. వాళ్లు కూడా ఇష్టపడే కొన్నారు! కానీ సీసాలో ఏముందో తెలియకుండా ఇష్టపడటం ఏం ఇష్టం? అమ్మినవాడు లాభం తీసుకున్నాడు, రిస్కు మాత్రం వంటింటికి పంపాడు.

ఇది నాకు సొంత ఇంట్లోనే తెలిసొచ్చింది. చిత్తూరులో మా వీధిలో ఒకామె చీటీలు వేసేది. చీటీ నడపాలంటే ముందుగా అనుమతి, రిజిస్ట్రేషన్ ఉండాలని 1982 చట్టం చెబుతుంది, అవేవీ లేవు, అంతా నమ్మకం మీదే. ఏళ్ల తరబడి బాగానే నడిచింది, ఎంతోమందికి పెళ్లి ఖర్చులకు అక్కరకొచ్చింది, అది నేను కాదనను. ఒక రోజు ఇంటికి తాళం వేసి ఉంది. మా అమ్మ దగ్గర ఒక నోటు పుస్తకం తప్ప ఏ కాగితమూ లేదు. ఆ పుస్తకం చాలాకాలం బీరువాలోనే పెట్టుకుంది.

ఇక ఎర్రచందనం. నిషేధం వల్లే దానికి అంత ధర, రైతులను తమ పొలాల్లో పెంచి స్వేచ్ఛగా అమ్ముకోనిస్తే అడవి జోలికి ఎవరు పోతారు అని అగోరిస్టులు అడుగుతారు. ఆ ప్రశ్నలో పస ఉంది. కానీ శేషాచలంలోని చెట్టు దాన్ని కొట్టేవాడి సొంతం కాదు, వాడిని పంపినవాడి సొంతమూ కాదు. 2015 ఏప్రిల్ 7న ఆ అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది తమిళనాడు కూలీలు చనిపోయారు. సరుకు కొని విదేశాలకు పంపే పెద్దలెవరూ వాళ్లలో లేరు. కూలి కోసం వచ్చినవాళ్లు రిస్కు మోస్తే లాభం ఇంకెవరో తీసుకునేదాన్ని కాంకిన్ చెప్పిన లెక్కలో కూడా సంత అనలేం.

అందుకే ఏ కాగితం వద్దనుకునే ముందైనా, అది లేకపోతే దెబ్బ ఎవరికి తగులుతుందో చూడు. జరిమానా నీకు పడితే అది నీ ఇష్టం, నీ రిస్కు. ఎదుటివాడి కడుపుకు తగిలేదైతే ఆ కాగితం తీసుకో. గుడ్లకూ బెల్లానికీ నూనెకూ కలిపి ఆ ఆహార రిజిస్ట్రేషన్ ఒక్కటి చేయించు. నూనె సీల్ వేసిన సీసాల్లో ఇవ్వు, ఆడించిన తేదీ రాయి. నీ దగ్గర కొనే ఇళ్ల వాళ్లందరికీ గానుగ ఏ ఊళ్లో ఉందో చెప్పు, వస్తామన్నవాళ్లను ఒక ఆదివారం తీసుకెళ్లి చెనక్కాయలు ఆడించేటప్పుడు చూపించు.