మీ ప్రశ్న - మా జవాబు: పిల్లరు కింద ఏముంది?

ప్రశ్న: 2017 జూలై వరదకు మా దగ్గర తెరువలి, సింగాపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెన కొట్టుకుపోయింది. గుంటూరు వెళ్తూ చూస్తే రాజమండ్రిలో పాత హేవలాక్ వంతెన చెక్కుచెదరలేదు. అన్ని గోదావరి వరదలకు అదెలా ఆగింది? - ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: అసలు బలం ఇసుక అడుగున ఉంది. వాల్టన్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో 1897లో పని మొదలై, 1900 ఆగస్టులో రైళ్లు నడిచాయి. ఒక్కోటి 45.7 మీటర్ల గర్డర్లు (పిల్లరు నుంచి పిల్లరుకు వేసే ఉక్కు దూలాలు) 56. అవి ఆనిన పిల్లర్లకు బావి పునాదులు వేశారు.

బావి దించడం ఓపిక పని. పదునైన అంచున్న ఇనుప చట్రం మీద గుండ్రంగా గోడ కట్టి, లోపలి ఇసుకను గ్రాబ్‌తో (దవడల్లా మూసుకునే ఇనుప తొట్టితో) తోడుతుంటే గోడ తన బరువుకే దిగుతుంది. మొరాయిస్తే పైన పాత పట్టాలు పేరుస్తారు. ఒక పక్క బంకమట్టో దుంగో తగిలితే బావి ఒరుగుతుంది. అప్పుడు ఎత్తుగా ఉన్న వైపే తవ్వి, బరువూ అటే పెట్టాలి. లోతుకు వెళ్లాక సరిచేయడం మహా కష్టం, కాబట్టి మొదటి కొన్ని మీటర్లలోనే వాలు కొలుస్తూ ఉండాలి. లోపలి నీళ్లు అతిగా తోడినా ప్రమాదమే. బయటి ఇసుక అడుగు నుంచి ఎగదన్ని, బావి ఒక్కసారిగా జారుతుంది.

ఎంత లోతు కావాలి? వరద నీరు పిల్లరు ముక్కుకు కొట్టుకుని కిందికి దూకి ఇసుకను తవ్వుతుంది. వరద నది అడుగును ఎంత లోతుకు కోస్తుందో అంచనా వేసే లేసీ సూత్రంతో, వరద మట్టం నుంచి మామూలు కోత 8 మీటర్లు వచ్చిందనుకోండి. పిల్లరు దగ్గర దాన్ని రెట్టింపుగా, 16గా లెక్కేస్తారు. పట్టు కోసం మరో మూడోవంతు కలిపితే, గరిష్ఠ వరద మట్టం నుంచి సుమారు 21 మీటర్లు. పునాది ఇంత లోతు లేనిచోట, గంటల్లో పొంగే కొండ ఏరుకు ఒక్క రాత్రి చాలు.

వరద తీశాక ఆ గుంటలో మళ్లీ ఇసుక పూడుతుంది. పైకి అంతా చదునుగా కనిపిస్తుంది. అందుకే నీళ్లు నిండుగా ఉన్నప్పుడే లోతు కొలవాలి, తగ్గాక చూసి బాగుందనుకోకూడదు.

ప్రశ్న: గర్డరు చివర ఇనుప రోలర్లు ఎందుకు? - ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: వేడి 30 డిగ్రీలు పెరిగితే 45.7 మీటర్ల ఉక్కు గర్డరు దాదాపు 16 మిల్లీమీటర్లు సాగుతుంది. ఒక చివర కదలనివ్వకుండా బిగించి, రెండో చివర రోలర్ల మీద వదులుతారు. వాటి సందుల్లో దుమ్ము, తుప్పు పేరుకుంటే కదలిక ఆగి, ఆ తోపు పిల్లరు తలమీద పడుతుంది. గర్డరు ఆనే దిమ్మెలో సన్నని చీలిక కనబడితే ముందు రోలర్లనే శుభ్రం చేసి, గ్రీజు పెట్టి చూడాలి.