ఆపి తిప్పితే బాగుపడే బండి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాది పదమూడేళ్ల డీజిల్ కారు. కామన్ రైల్ ఇంజన్, టర్బో ఉంది. 1,60,000 కిలోమీటర్లు తిరిగింది. కొంతకాలంగా ఎత్తు ఎక్కుతున్నప్పుడో, ముందున్న లారీని దాటబోతున్నప్పుడో ఉన్నట్టుండి పికప్ పడిపోతోంది. ఎంత తొక్కినా ఇంజన్ 3,000 ఆర్‌పీఎం దాటదు. పక్కకు తీసి, కీ ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు నడుస్తుంది. నల్లపొగ రాదు. చెక్ ఇంజన్ లైటు ఒక్కోసారి వెలుగుతుంది, ఒక్కోసారి వెలగదు. మెకానిక్ డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫ్లో సెన్సర్ మార్చారు. గుణం కనిపించలేదు. ఇప్పుడు టర్బో మార్చాలంటున్నారు. మార్పించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో నిజంగానే చెడిపోయి ఉండవచ్చు గానీ, మీరు రాసిన లక్షణాలలో దాన్ని తేల్చి చెప్పే ఆధారం ఇంకా దొరకలేదు. డీజిల్ ఫిల్టర్ ఎలాగూ కాలానుగుణంగా మార్చవలసినదే కనుక దానివల్ల నష్టం లేదు. ఎయిర్ ఫ్లో సెన్సర్‌ను మాత్రం పరీక్షించకుండా, అనుమానం మీదనే మార్చినట్టు కనిపిస్తోంది.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికివచ్చే సమాచారం, కీ ఆపి తిప్పగానే బండి కోలుకుంటోందన్నది. మూసుకుపోయిన ఫిల్టర్ గానీ, అరిగిపోయిన పంపు గానీ కీ తిప్పినంత మాత్రాన బాగుపడవు. కొన్ని క్షణాలలోనే పూర్తి శక్తి తిరిగి వస్తోందంటే, ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ ఏదో ఒక కొలత హద్దు దాటడం గమనించి, ఇంజన్‌ను కాపాడటానికి తానే డీజిల్‌ను తగ్గించి, కీ ఆపేవరకు ఆ నిర్ణయానికే కట్టుబడి ఉంటోందని అర్థం. దీన్నే లింప్ మోడ్ అంటారు. కాబట్టి ఆ క్షణాన కంప్యూటర్ ఏ కొలతను చూసి అలా చేసిందో ముందు తెలుసుకోవాలి. ఇలాంటి ఇంజన్లలో చాలావరకు అది రెండింటిలో ఒకటై ఉంటుంది: టర్బో ఇచ్చే గాలి పీడనం, లేదా రైల్‌లోని, అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టంలోని, డీజిల్ పీడనం.

లైటు ఆరిపోయినా, తప్పు ఏమిటో సూచించే కోడ్ సాధారణంగా కంప్యూటర్‌లో మిగిలే ఉంటుంది. అందుకే ఆ కోడ్‌లను చదివే స్కానర్ పెట్టించేవరకు బ్యాటరీ తీగ విప్పవద్దు, ఎవరినీ కోడ్‌లు చెరపనివ్వవద్దు. పి0299 కనిపిస్తే గాలి పీడనం కావలసినంత లేదని, పి0234 కనిపిస్తే హద్దు మించిందని, పి0087 కనిపిస్తే రైల్‌లో డీజిల్ పీడనం పడిపోయిందని అర్థం. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే నమోదు కూడా చాలా బండ్లలో ఉంటుంది. తప్పు జరిగినప్పుడు వేగం, ఆర్‌పీఎం, వేడి, యాక్సిలరేటర్ ఎంత తొక్కారన్నది అందులో దొరుకుతాయి. దాన్ని కాగితం మీద రాయించి తీసుకోండి.

ఆ తరువాత రోడ్డు మీద పరీక్ష చేయాలి. స్కానర్ తెరను పక్కన కూర్చున్నవారే చూడాలి, లేదా రీడింగులను రికార్డు చేయాలి. నడిపేవారి చూపు రోడ్డు మీదనే ఉండాలి. ఖాళీ రోడ్డులో మూడో గేరులో 1,500 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కి, 3,500 వరకు లాగించి, నాలుగు అంకెలను ఒకేసారి నమోదు చేయాలి: కంప్యూటర్ కోరిన గాలి పీడనం, నిజంగా వచ్చిన గాలి పీడనం, కోరిన రైల్ పీడనం, నిజంగా ఉన్న రైల్ పీడనం. కోరినదానికీ వచ్చినదానికీ మధ్య ఏ జతలో ముందుగా ఎడం పెరిగిందో చూస్తే సగం పని అయినట్టే. లింప్ మోడ్ పడ్డాక అన్ని అంకెలూ తగ్గిపోతాయి కనుక, ఆ తరువాతి రీడింగులను చూసి టర్బోను తప్పుపట్టడం సరికాదు. సరిగ్గా ఈ పొరపాటు వల్లే చాలా మంచి టర్బోలు విప్పబడుతున్నాయని నా అభిప్రాయం.

ముందుగా గాలి పీడనంలో తేడా వచ్చిందనుకుందాం. మీ టర్బో కదిలే రెక్కల రకమైతే, టర్బైన్ చుట్టూ ఉన్న చిన్న రెక్కలు మూసుకున్నప్పుడు పీడనం పెరుగుతుంది, తెరుచుకున్నప్పుడు తగ్గుతుంది. ఏళ్ల తరబడి మసి పేరుకుపోతే అవి సాఫీగా కదలవు. ఎత్తు మీద గట్టిగా తొక్కినప్పుడు రెక్కలు సమయానికి తెరుచుకోక పీడనం హద్దు దాటుతుంది, కంప్యూటర్ వెంటనే డీజిల్ కోసేస్తుంది. గాలి ఎక్కువైనా శక్తి తగ్గుతుందంటే చాలామంది నమ్మరు గానీ, నల్లపొగ లేకుండా ఒక్కసారిగా పికప్ పడిపోవడం వెనుక తరచుగా ఉండే కారణం ఇదే.

ఆ రెక్కలను కదిలించేది పాత కార్లలో ఎక్కువగా వాక్యూమ్. వాక్యూమ్ పంపు నుంచి కరెంటుతో పనిచేసే ఒక సోలెనాయిడ్ వాల్వుకు, అక్కడి నుంచి రెక్కలను కడ్డీతో కదిపే యాక్చుయేటర్‌కు (ఇది టర్బో మీదే ఉంటుంది) సన్నని రబ్బరు పైపులు వెళతాయి. ఇంజన్ వేడికి ఈ పైపులు అమర్చిన చోట గట్టిపడి పగులుతాయి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. కొసను మెల్లగా ఊడదీసి వేళ్ల మధ్య వంచితే వెంట్రుకంత సన్నని చీలికలు విచ్చుకుంటాయి. చల్లగా ఉన్నప్పుడు పట్టి ఉండి, వేడెక్కాక గాలి వదిలే చీలిక ఇలాంటి ఉండుండి వచ్చే తప్పుకు సరిగ్గా సరిపోతుంది. పైపు పొడవు చాలినంత ఉంటే పగిలిన కొసను కత్తిరించి మళ్లీ ఎక్కించి పరీక్ష ముగించవచ్చు గానీ, తరువాత అన్ని పైపులనూ కొత్తవి వేయించడమే మేలు. చాలా బండ్లలో ఇంజన్ స్టార్ట్ చేయగానే యాక్చుయేటర్ కడ్డీ లోపలికి లాగబడుతుంది, ఆపగానే తిరిగి వస్తుంది. చేతి వాక్యూమ్ పంపుతో నెమ్మదిగా లాగినప్పుడు కడ్డీ ఆగి ఆగి కదిలితే మసి ఉన్నట్టు. పంపు మీది మీటరు సూది నిలవకుండా పడిపోతే యాక్చుయేటర్‌లోని పొర చిరిగినట్టు. మసి మాత్రమే అయితే టర్బోను విప్పి శుభ్రం చేయించడంతో చాలాసార్లు సరిపోతుంది. షాఫ్ట్ అటూ ఇటూ ఊగి, చక్రం గోడకు రాసుకున్న గుర్తులు కనిపిస్తేనే కొత్తదాని మాట ఎత్తాలి.

గాలి పీడనం సెన్సర్‌ను పరీక్షించడానికి స్కానర్ తప్ప వేరే పనిముట్లేమీ అక్కరలేదు. ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసినప్పుడు అది బయటి వాతావరణ పీడనాన్నే చూపాలి. సముద్రమట్టం దగ్గర అది సుమారు 1,000 మిల్లీబార్లు. ఎత్తు పెరిగేకొద్దీ తగ్గుతుంది. పెద్ద తేడా ఉంటే, ముందు సెన్సర్‌ను తీసి దాని ముక్కు మీద పేరుకున్న నూనె మసిని తుడిపించండి.

తేడా రైల్ పీడనంలో వస్తే వెతకవలసిన దారి వేరు. ఐడిల్‌లో, అంటే తొక్కకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు, సుమారు 250 నుంచి 350 బార్ల మధ్య ఉండే పీడనం, పూర్తి భారం మీద ఆ తరం ఇంజన్లలో 1,300 నుంచి 1,600 బార్ల వరకు వెళ్లాలి. తొక్కేకొద్దీ అది వెనకబడిపోతే ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టాలి. ఫిల్టర్ మార్చేటప్పుడు సీలు సరిగా కూర్చోకపోయినా గాలి లాగుతుంది. పంపు డీజిల్‌ను పీల్చుకునే వైపు రంధ్రం ఉంటే బయటికి చుక్క కూడా కారకపోవచ్చు. ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య తాత్కాలికంగా పారదర్శకమైన పైపు ముక్క వేస్తే బుడగలు కంటికి కనిపిస్తాయి. అక్కడ తప్పు లేకపోతే ఇంజెక్టర్ల రిటర్న్ పరీక్ష చేయించాలి, అంటే ఒక్కో ఇంజెక్టర్ వెనక్కి వదిలే డీజిల్‌ను ఒక్కో సీసాలో పట్టి పోల్చాలి. నాలుగు సీసాలలో ఒకటి మిగతావాటికన్నా చాలా త్వరగా నిండితే ఆ ఇంజెక్టర్ పీడనాన్ని వెనక్కి వదిలేస్తోందన్నమాట. ఇంజన్ నడుస్తుండగా రైల్ పైపుల దగ్గర లీకేజీ కోసం చేతితో తడమడం ఎవరూ చేయకూడదు. ఆ పీడనంలో డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి చిన్న గాటులా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన గాయం అది.

రెండు జతలూ సరిగానే ఉండి శక్తి పడిపోతే యాక్సిలరేటర్ పెడల్ సెన్సర్‌ను, కనెక్టర్లను, ఇంజన్ ఎర్త్ తీగను చూడమనండి.

ప్రశ్న: మాది పాతికేళ్లు దాటిన డీజిల్ కారు. కంప్యూటర్ లేదు, మెకానికల్ పంపు. దూరప్రయాణంలో గంటసేపు బాగా నడిచి, తరువాత మెల్లమెల్లగా లాగడం తగ్గిపోతుంది. కీ ఆపి వెంటనే స్టార్ట్ చేస్తే తేడా ఉండదు. పది నిమిషాలు ఆపితే మళ్లీ బాగుంటుంది. ఎందువల్ల?

జవాబు: మీ బండి లక్షణం పై ఉత్తరానికి సరిగ్గా ఎదురు. మెల్లగా తగ్గి, విశ్రాంతితో కోలుకుంటోందంటే డీజిల్ చాలినంత అందడం లేదు. ఈసారి పికప్ తగ్గగానే బండి ఆపి ట్యాంకు మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, ఆ వెంటనే బండి బాగా లాగితే, ట్యాంకుకు గాలి ఆడే దారి మూసుకుపోయినట్టే. శబ్దం రాకపోతే ట్యాంకులోని జాలిని అనుమానించాలి. అడుగున చేరిన తుప్పు, మడ్డి నడుస్తున్నంతసేపు జాలికి అంటుకుంటాయి, ఆపగానే కిందికి దిగిపోతాయి. శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, కదలకుండా కట్టి, పైపును నేరుగా దానికి కలిపి కాసేపు నడిపితే ట్యాంకు తప్పో, పంపు తప్పో తేలిపోతుంది. ఫిల్టర్ అడుగున ఉన్న మరను వదులు చేసి నీళ్లు దిగుతున్నాయేమో కూడా చూడండి.

ప్రశ్న: టర్బో డీజిల్ కారులో పికప్ తగ్గడంతో పాటు నల్లపొగ కూడా వస్తోంది. ఈజీఆర్ వాల్వును (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది) రేకు పెట్టి మూసేస్తే సరిపోతుందంటున్నారు. నిజమేనా?

జవాబు: మూయకండి. నల్లపొగ అంటే డీజిల్‌కు తగిన గాలి లేదని అర్థం. ఈజీఆర్ తెరుచుకుని ఇరుక్కుపోవడం అందుకు ఒక కారణమే గానీ, దానికి విరుగుడు విప్పి మసి గీకించడం. మూసేస్తే బండి ఉద్గారాల ప్రమాణాలకు దూరమవుతుంది, పైగా చాలా ఇంజన్లలో కంప్యూటర్ అది గమనించి పి0401 కోడ్ పెట్టి మళ్లీ లైటు వెలిగిస్తుంది. అంతకంటే ముందు టర్బో నుంచి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజన్‌కు వెళ్లే లావు హోస్‌లను చూడండి. క్లిప్పుల దగ్గర, ముఖ్యంగా కంటికి కనబడని కింది వైపున, చేతికి కొత్తగా నూనె తడి తగిలితే అక్కడ చీలిక ఉండవచ్చు. తొక్కినప్పుడు మాత్రమే విచ్చుకునే చీలిక ఐడిల్‌లో కనిపించదు కనుక, ఇంజన్ ఆపి, చల్లారాక హోస్‌ను తీసి వంచి చూడాలి.