పాత డబ్బా టీవీకి ఏ స్టిక్ కొనాలి?

21 అంగుళాల డబ్బా టీవీ ఇంకా బాగానే పనిచేస్తోంది, అమ్మానాన్నలు అందులోనే యూట్యూబ్, ఆహా, ఈటీవీ విన్ చూడాలి, ఏ స్టిక్ (టీవీకి తగిలిస్తే నెట్‌లోని యాప్‌లు ఆడించే చిన్న పరికరం) కొనమంటారు అని ఒకరు అడిగారు. స్టిక్ సంగతి తర్వాత, ముందు టీవీ వెనక్కి వెళ్లి చూడండి. పసుపు, తెలుపు, ఎరుపు ఏవీ (ఆడియో-వీడియో) పిన్నులు పెట్టే సాకెట్లు ఉంటే పని తేలికే. కొన్ని టీవీలకు వెనక రెండు వరసలుంటాయి, ఒకటి ఇన్, ఇంకోటి అవుట్. అవుట్‌లో గుచ్చి బొమ్మ రాలేదనుకునేవాళ్లు చాలామంది. సెట్‌టాప్ బాక్సు ఇప్పటికే ఆ ఇన్‌ను వాడుకుంటోందా? అయితే టీవీ ముందువైపు గానీ పక్కన గానీ ఇంకో ఏవీ ఇన్ ఉందేమో వెతకండి. లేకపోతే ఏవీ సెలెక్టర్ బాక్సు (రెండు పరికరాలను ఒకే ఇన్‌కు కలిపి, కావాల్సినదాన్ని ఎంచుకునేది) ఒకటి కొంటే సరిపోతుంది.

ఇక పరికరం. 4కే మోడల్‌కు డబ్బు పెట్టకండి. ఏవీ పిన్నులోంచి వెళ్లేది 576 గీతల బొమ్మే, ఎంత ఖరీదైన స్టిక్ పెట్టినా అంతకు మించి రాదు. నా ఓటు సొంతంగా ఏవీ అవుట్ ఉన్న ఆండ్రాయిడ్ బాక్సుకే. దాని వెనక ఏవీ అని రాసిన 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటుంది, ఇయర్‌ఫోన్ రంధ్రంలాగే కనిపిస్తుంది. బాక్సుతో వచ్చిన కేబులే వాడండి. బయట కొన్న కేబుల్లో గ్రౌండ్ తీగ వేరే చోట ఉండొచ్చు, అప్పుడు బొమ్మ రాదు, స్పీకర్లో గుయ్ మని మోత వస్తుంది. పసుపు పిన్నులో బొమ్మ రాకపోతే కేబుల్ పారేయకండి, ఎరుపు, తెలుపు పిన్నులను కూడా ఒక్కొక్కటిగా పసుపు సాకెట్లో పెట్టి చూడండి. వరస మారిన కేబుళ్లు మార్కెట్లో మామూలే.

అలాంటి బాక్సు దొరక్కపోతే 1080పీ దాకా ఇచ్చే ఫైర్ టీవీ స్టిక్ లాంటిది తీసుకుని, దానికి హెచ్‌డీఎంఐ (కొత్త టీవీలకు ఉండే సాకెట్) టు ఏవీ కన్వర్టర్ తగిలించండి. అచ్చం అలాగే ఉండే ఏవీ టు హెచ్‌డీఎంఐ డబ్బా కూడా పక్కనే అమ్ముతుంటారు. అది రివర్స్ పని చేసేది, మీకు పనికిరాదు. పైన రాసింది చదివి కొనండి. స్టిక్‌ను నేరుగా కన్వర్టర్లో గుచ్చేయొచ్చు, మధ్యలో కేబుల్ అక్కర్లేదు.

కరెంటు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. కన్వర్టర్‌కూ 5 వోల్టులు కావాలి, స్టిక్‌కూ కావాలి. స్టిక్‌కు దాంతో వచ్చిన అడాప్టరే పెట్టండి, కన్వర్టర్‌కు వేరే మొబైల్ చార్జర్ చాలు. రెంటినీ ఒకే పాత చార్జర్‌కు కలిపితే స్టిక్ మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది, బొమ్మ వచ్చి పోతూ ఉంటుంది.

కన్వర్టర్ పక్కన పాల్, ఎన్‌టీఎస్‌సీ అని చిన్న స్విచ్ ఉంటుంది, అవి టీవీ బొమ్మ పంపే రెండు పద్ధతులు. మన టీవీలకు పాల్. బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో వచ్చినా, పైకీ కిందికీ దొర్లుతున్నా ముందు ఈ స్విచ్‌నే చూడండి. తర్వాత స్టిక్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్‌ను ఆటోలో వదిలేయకుండా 720పీ 50 హెర్ట్జ్‌కు మార్చండి. ఆడియోలో సరౌండ్ సౌండ్‌ను పీసీఎంకు (డాల్బీ లేని మామూలు ధ్వనికి) మార్చండి. చౌక కన్వర్టర్‌కు డాల్బీ అర్థం కాదు, అందుకే కొన్ని యాప్‌లలో బొమ్మ ఆడుతుంది గానీ మాట వినిపించదు.

యూట్యూబ్ ఆడుతూ ప్రైమ్‌లోనో నెట్‌ఫ్లిక్స్‌లోనో తెర నల్లగా అయిపోతే తప్పు స్టిక్‌ది కాకపోవచ్చు. కాపీ రక్షణ కోసం ఆ యాప్‌లు హెచ్‌డీసీపీ అడుగుతాయి, కొన్ని కన్వర్టర్లు దానికి జవాబివ్వలేవు. అందుకే రిటర్న్ గడువు ఉండగానే మీకు కావాల్సిన ప్రతి యాప్‌లో ఒక సినిమా పెట్టి చూసుకోండి.

మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తారు. 16:9 బొమ్మను 4:3 తెరలో ఇరికించడం వల్ల వచ్చేది అది. టీవీ రిమోట్‌లో 16:9 మోడ్ ఉంటే నొక్కండి, పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి ముఖాలు సరవుతాయి. అది లేకపోతే ఆ మార్పు చేసే స్విచ్ ఉన్న కన్వర్టర్ కొనాలి. అంచుల్లో అక్షరాలు తెగిపోతుంటే స్టిక్‌లో కాలిబ్రేట్ డిస్‌ప్లే ఉంటుంది, దాంతో బొమ్మను కొంచెం లోపలికి కుదించండి. మెనూ అక్షరాలు మాత్రం చిన్నగానే ఉంటాయి. పెద్దవాళ్లకు అది నిజంగా ఇబ్బంది, కాబట్టి వాయిస్ రిమోట్ ఉన్నదే తీసుకోండి, సినిమా పేరు చెబితే చాలు.

మీ టీవీకి ఒకే స్పీకర్ ఉండి, పసుపు, తెలుపు మాత్రమే ఉంటే ఎరుపు పిన్నును వదిలేయండి. మాటలు రెండు వైపులా ఉంటాయి గనుక సంభాషణలు పోవు.

ఏవీ సాకెట్లు అసలే లేక ఒక్క యాంటెన్నా రంధ్రమే ఉంటే మధ్యలో ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ (ఏవీ బొమ్మను, ధ్వనిని యాంటెన్నా చానల్‌గా మార్చేది) పెట్టాలి. అది పాల్ బీ/జీ రకమే అయ్యుండాలి. మన పద్ధతిలో ధ్వని బొమ్మ కంటే 5.5 మెగాహెర్ట్జ్ పైన ఉంటుంది. 6 మెగాహెర్ట్జ్ రకం తెస్తే బొమ్మ వస్తుంది, ధ్వని బదులు బుస్సుమనే చప్పుడే వస్తుంది. ఇంట్లో పాత వీసీఆర్ పనిచేస్తూ ఉంటే కొనాల్సిన పనే లేదు. దాని ఏవీ ఇన్‌లో కన్వర్టర్ పిన్నులు పెట్టి, ఆర్‌ఎఫ్ అవుట్‌ను టీవీ యాంటెన్నాకు కలిపి, టీవీలో యూహెచ్‌ఎఫ్ బ్యాండ్ ట్యూన్ చేయండి. వీసీఆర్ లేకపోతే మాత్రం మాడ్యులేటర్, కన్వర్టర్, స్టిక్ అన్నీ కొనే బదులు ఆ డబ్బుకు ఇంకొంత కలిపి వాడిన చిన్న ఎల్‌ఈడీ టీవీ కొనమనే చెబుతాను, హెచ్‌డీఎంఐ ఉందో లేదో చూసుకుని.